విల్లీ నెల్సన్ – మెర్ల్ హ్యాగర్డ్ ‘పాంచో అండ్ లెఫ్టీ’ (1983): కొనడం, వినడం, ఇద్దరు కలిసి పాడడం

నల్లరేగు
అమెరికన్ కంట్రీ గాయకులు విల్లీ నెల్సన్, మెర్ల్ హ్యాగర్డ్ కలిసి పాడిన ఈ ఆల్బమ్ గురించి మన దగ్గర నాలుగు చోట్ల ముక్కలు ముక్కలుగా చర్చ నడిచింది, ఏదీ తెమల్లేదు. అందుకే విడిగా థ్రెడ్ పెడుతున్నా. పాత ఎల్పీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? యాప్‌లో పేరు కొడితే బోలెడు వెర్షన్లు వస్తున్నాయి, ఏది వినాలి? అసలు ప్రశ్న మాత్రం మూడోది. సంక్రాంతి కార్యక్రమంలో టైటిల్ పాటను ఇద్దరు పాడాలి. మగ గొంతు ఒకటిన్నర శ్రుతి, ఆడ గొంతు ఐదు. ఒక గిటారు, ఒక కీబోర్డు ఉంటాయి. రికార్డులో ఉన్నట్టే పాడేస్తే నడుస్తుందా, ఏమన్నా మార్చాలా? తర్వాత అదే పాటను ఇంట్లో రికార్డు చేయాలని కూడా ఉంది.

పాతప్లేటు
ఎల్పీ సంగతి నేను చెప్తా. ముందు అట్ట మీద స్పెల్లింగ్ చూడండి. పాంచో పేరుకి ఇంగ్లిషులో ‘పీ’ తర్వాత ‘ఏ’ ఉండాలి కదా, 1983 నాటి తొలి ముద్రణలో అక్కడ ‘ఓ’ ఉంటుంది. తర్వాతి ముద్రణల్లో సరిదిద్దారు. కాబట్టి ‘ఓ’ కనిపిస్తే నకిలీ అనుకుని వదిలేయకండి, పాతది అదే. లేబుల్ ఎపిక్, నంబరు ఎఫ్‌ఈ 37958. ఈ ఎల్పీకి అమెరికాలో ప్లాటినం గుర్తింపు (పది లక్షల కాపీలు) దక్కింది, అంటే పాత షాపుల్లో కాపీలకు కరువు లేదు. అరుదైన సరుకని ఎవరైనా ధర పెంచితే పక్క షాపుకి వెళ్ళండి.

టైటిల్ పాట సైడ్ ‘ఏ’ (A)లో మొదటి ట్రాకు. పాత యజమానులు ఆ ఒక్క పాట కోసమే సూది దింపి ఉంటారు. అందుకని ప్లేటు అంచు దగ్గర, పాట మొదలయ్యే చోట, ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. సన్నటి వెంట్రుక గీతలు పర్వాలేదు. గీత మీద గోరు అడ్డంగా లాగినప్పుడు గోరు తట్టుకుంటే మాత్రం ప్రతి చుట్టుకీ టక్‌మంటుంది, ఒక్కోసారి సూది ఎగిరిపోతుంది కూడా. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద టర్న్‌టేబుల్ మధ్య కడ్డీ గీరిన గీతలు ఎక్కువుంటే ఆ ప్లేటు బాగా తిరిగిందని అర్థం.

రెండో తనిఖీ లోపలి ట్రాకుల మీద. సైడ్ ‘ఏ’ చివర ‘రీజన్స్ టు క్విట్’, సైడ్ ‘బీ’ చివర ‘ఆపర్చునిటీ టు క్రై’. ప్లేటు తిరిగే వేగం ఒకటే అయినా, అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది, లేబుల్ దగ్గర 20 చిల్లరే. అదే ధ్వని అంత తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. సూది అరిగినా, సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ కోణం తప్పినా ముందు చెడేది ఇక్కడే. ‘స’, ‘ష’ శబ్దాలు ఉమ్మినట్టు వస్తాయి. ఆ రెండు పాటలూ శుభ్రంగా వస్తే ప్లేటూ బాగుంది, మీ సెట్టింగూ బాగుంది.

నల్లరేగు
నా దగ్గరున్న కార్ట్రిడ్జ్ ఆడియో టెక్నికా వీఎమ్95ఈ. చివరి ట్రాకులో మీరు చెప్పిన ఉమ్మడం ఉంది. ప్లేటుని తప్పుపట్టాలా, సూదినా?

పాతప్లేటు
ముందు సూది ప్లేటు మీద మోపే బరువు చూడండి. ఆ కార్ట్రిడ్జ్‌కి 1.8 నుంచి 2.2 గ్రాములు, సరైనది 2 గ్రాములు. టోన్‌ఆర్మ్ మీద అంకెలను నమ్మకుండా చిన్న డిజిటల్ కాటాతో కొలవండి. ప్లేటు అరిగిపోతుందని చాలామంది బరువు తగ్గిస్తారు. తగ్గిస్తే సూది గాడి గోడలకు ఆనక అటూ ఇటూ కొట్టుకుంటుంది, అసలు అరుగుదల దానివల్లే. బరువు సరిచేశాక ప్రొట్రాక్టర్ (కోణం సరిచూసే గీతల) కాగితం పెట్టి, రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ పక్కలు గీతలకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఇంకో ఎల్పీ చివరి ట్రాకు వేయండి. అది బాగుంటే మీ ప్లేటే అరిగింది, దానికి మందు లేదు.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, మెత్తటి వెల్వెట్ బ్రష్ చాలు. బ్రష్‌ను గాడి వెంట గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవకూడదు. సబ్బు చుక్క వేస్తే మళ్ళీ వట్టి డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి తీరాలి, లేకపోతే ఆ పొర గాడిలో ఎండి కొత్త చప్పుడు మొదలవుతుంది. కుళాయి నీళ్ళు వద్దు, వాటిలో ఉప్పు మిగులుతుంది. ఈ పద్ధతి వినైల్‌కే. ఇంట్లో తాతల నాటి 78 ఆర్‌పీఎం లక్క ప్లేట్లుంటే వాటి దగ్గరికి స్పిరిట్ కలిసిన ద్రవం ఏదీ తీసుకెళ్ళకండి, లక్క కరుగుతుంది.

ఆస్టిన్ అబ్బాయ్
యాప్ విషయం. పాట రాసింది టెక్సాస్ గాయకుడు, పాటల రచయిత టౌన్స్ వాన్ జాంట్. ఆయన సొంత గొంతుతో 1972లో ‘ద లేట్ గ్రేట్ టౌన్స్ వాన్ జాంట్’ ఆల్బమ్‌లో వచ్చింది. 1977లో కంట్రీ గాయని ఎమీలూ హ్యారిస్ ‘లగ్జరీ లైనర్’లో పాడింది. విల్లీ, మెర్ల్ వెర్షన్ 1983ది, నిడివి నాలుగు ముప్పావు నిమిషాల దాకా ఉంటుంది. ఈ మూడూ వరసగా వినండి. వీలైతే టౌన్స్ హ్యూస్టన్‌లో పాడిన ‘లైవ్ ఎట్ ద ఓల్డ్ క్వార్టర్’ కూడా. అందులో ఒక్క గిటారే. పాట ఎముకలు అందులోనే కనిపిస్తాయి, నేర్చుకునేవాళ్ళకు అదే పాఠం. ఆల్బమ్‌లో అసలు పాటలు 10. 2003 రీఇష్యూలో చివర అదనపు ట్రాకులు తగిలించారు, మొదటిసారి వినేటప్పుడు పదో పాట దగ్గర ఆపేయండి.

రికార్డు చేసింది నేనుండే చోటికి దగ్గరే, టెక్సాస్‌లో ఆస్టిన్‌కి పడమర స్పైస్‌వుడ్‌లో, విల్లీ సొంత పెడర్నాలిస్ స్టూడియోలో. గోల్ఫ్ కోర్సు ఉన్న కంట్రీ క్లబ్‌ను కొని అందులో పెట్టిన స్టూడియో అది. చిప్స్ మోమన్, విల్లీ, మెర్ల్ ముగ్గురూ నిర్మాతలు. అయితే చెయ్యి మోమన్‌ది. మెంఫిస్‌లో అమెరికన్ సౌండ్ స్టూడియో నడిపినాయన, అంతకు ముందు ఏడాదే విల్లీ ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ ఆల్బమ్ చేశాడు. గిటారు మీద రెజీ యంగ్, డ్రమ్స్ మీద జీన్ క్రిస్మన్, కీబోర్డుల మీద బాబీ ఎమన్స్, బాబీ వుడ్. అంతా ఆయన మెంఫిస్ బృందమే. హార్మోనికా విల్లీ మనిషి మికీ రఫాయెల్.

ఆల్బమ్ దాదాపు పూర్తయ్యాక కూడా గట్టి టైటిల్ పాట లేదు. విల్లీ కూతురు లానా ఎమీలూ రికార్డు తెచ్చి వినిపించింది. విల్లీ అప్పటికప్పుడు రాత్రి ట్రాకు కట్టేసి, బస్సులో నిద్రపోతున్న మెర్ల్‌ను లేపించి చివరి చరణం పాడించాడు. పొద్దున్నే మెర్ల్ ‘మళ్ళీ పాడతా’ అంటే టేపు అప్పటికే వెళ్ళిపోయిందన్నారు. ఇది ఆ ఇద్దరూ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న ముచ్చట. ఆ చరణం విన్నప్పుడు గుర్తుపెట్టుకోండి, గొంతులో ఆ నిద్ర బరువు వినపడుతుంది.

గోదారి గాలి
ముచ్చట బాగానే ఉంది గానీ, దీన్ని గొప్ప యుగళ గీతాల ఆల్బమ్ అనడం నాకు ఒప్పుదల కాదు. టైటిల్ పాటలో నాలుగు చరణాలుంటే మొదటి మూడూ విల్లీవే, మెర్ల్‌కి దక్కింది ఒక్కటి. కంట్రీలో పేరున్న మగ, ఆడ జంటలు కాన్వే ట్విటీ, లొరెటా లిన్ 1971లో చేసిన ‘వి ఓన్లీ మేక్ బిలీవ్’ చూడండి, లేదా జార్జ్ జోన్స్, టామీ వైనెట్. అక్కడ ఒకరి మాటకు ఇంకొకరు జవాబు చెప్తారు. ఇక్కడ ఇద్దరు పక్కపక్కన నిలబడ్డారంతే. పైగా ఆ 80ల కీబోర్డు పరుపు (వెనకాల ఆగకుండా పరుచుకునే సింథ్ ధ్వని) టైటిల్ పాటకు పొగమంచు పట్టించింది.

బేకర్స్‌ఫీల్డ్ బాబాయ్
కీబోర్డు మాట కొంత ఒప్పుకుంటా. చరణాల లెక్క దగ్గర మాత్రం ఆగండి గాలి గారూ. ఆ పాట ఎవరి గురించో చూడండి. మొదటి చరణం పేరు చెప్పకుండా ‘నువ్వు’ అని ఎవరినో పలకరిస్తుంది. రెండోది పాంచో అనే బందిపోటు, మెక్సికోలో అతని చావు. మూడోది లెఫ్టీ: పాంచో పోయిన రోజే అతను ఒహాయో దారి పట్టాడు, ప్రయాణానికి డబ్బు ఎక్కడిదో ఎవరికీ తెలీదు. మిత్రుణ్ణి అమ్ముకున్నాడా అన్న అనుమానం అక్కడ పుడుతుంది, పాట దాన్ని తేల్చదు. నాలుగో చరణంలో కాలం చాలా గడిచింది. పాంచో మీద కవులు పాటలు కట్టారు, లెఫ్టీ మాత్రం చలి ఊళ్ళో చవక హోటల్ గదిలో ముసలివాడయ్యాడు. సరిగ్గా అక్కడ గొంతు మారుతుంది. అప్పటిదాకా కథ చెప్తున్నవాడు తప్పుకుని, ఆ బతుకు బతికినవాడు వచ్చాడా అనిపిస్తుంది. మెర్ల్ మొదటి చరణం నుంచీ వంతులు పంచుకుని ఉంటే ఈ దెబ్బ పడేది కాదు. టౌన్స్, ఎమీలూ ఒంటరిగా పాడారు కాబట్టి వాళ్ళ వెర్షన్లలో ఈ మలుపుకి చోటే లేదు.

పల్లవి కూడా గమనించండి. ఫెడరాలేలు, అంటే మెక్సికో ఫెడరల్ పోలీసులు, ఎప్పుడైనా పట్టుకునేవాళ్ళమే, జాలిపడి వదిలేశాం అని చెప్పుకుంటారు. చివరికి వచ్చేసరికి ఆ మాట చెప్పేవాళ్ళు కొద్దిమందే మిగులుతారు, జుట్టు కూడా నెరిసిపోయింది. పాడేవాళ్ళు ఆ చిన్న మార్పును మింగేస్తే పాట సగం పోతుంది.

ఇంకొకటి, కొత్తవాళ్ళు తరచూ పొరబడేది. ఈ లెఫ్టీకీ, గాయకుడు లెఫ్టీ ఫ్రిజెల్‌కీ సంబంధం లేదు. ఫ్రిజెల్ మెర్ల్‌కి గురుతుల్యుడు, విల్లీ ఆయన పాటలతో 1977లో ‘టు లెఫ్టీ ఫ్రమ్ విల్లీ’ వేశాడు. అందుకే ముడిపెట్టేస్తారు.

మిగతా తొమ్మిది పాటల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధ అక్కడే. సైడ్ ‘ఏ’ మెర్ల్ రాసిన ‘రీజన్స్ టు క్విట్’తో ముగుస్తుంది, తాగుడు మానడానికి కారణాలు పెరిగిపోతున్నాయంటూ. ప్లేటు తిప్పితే బీ వైపు మొదట్లో డీన్ హాలొవే రాసిన ‘నో రీజన్ టు క్విట్’, మానడానికి ఒక్క కారణమూ లేదని. ప్లేటు తిప్పే ఆ అర నిమిషంలో మనిషి మాట మార్చేశాడు! యాప్‌లో వరసగా పోతుంటే ఈ చమత్కారం తెలీదు. జెస్సీ ఆష్లాక్ రాసిన ‘మై లైఫ్స్ బీన్ ఎ ప్లెజర్’ బాబ్ విల్స్ టెక్సాస్ స్వింగ్ బాణీ, ఇద్దరూ పెరిగిన సంగీతం అది. ‘ఆల్ ద సాఫ్ట్ ప్లేసెస్ టు ఫాల్’ అప్పటి మెర్ల్ భార్య లియోనా విలియమ్స్ రాసింది. ‘హాఫ్ ఎ మ్యాన్’ విల్లీ 60ల నాటి పాట. గాలి గారు అడిగిన ఇచ్చిపుచ్చుకోడం ఈ పాటల్లో ఉంది, టైటిల్ పాటలో వెతకొద్దు.

గోదారి గాలి
నాలుగో చరణం వాదన బాగుంది. పరుపు మీద నా మాట వెనక్కి తీసుకోను. ‘ఇట్స్ మై లేజీ డే’ మాత్రం నేనూ మళ్ళీ మళ్ళీ వేస్తా.

శ్రుతిపెట్టె
పాడే సంగతికి వద్దాం. నల్లరేగు గారు ఇచ్చిన అంకెలే పట్టుకుందాం. మగ ఒకటిన్నర, అంటే సీ షార్ప్. ఆడ ఐదు, అంటే జీ. మధ్య ఆరు సెమిటోన్ల (కీబోర్డు మీద పక్కపక్క మీటల దూరాల) తేడా. ఇద్దరికీ ఇంతకంటే ఇబ్బంది దూరం ఉండదు. రికార్డులో ఈ సమస్య లేదు, ఎందుకంటే ఇద్దరూ మగవాళ్ళు, స్థాయిలు దగ్గర దగ్గరే. కాబట్టి రికార్డు శ్రుతిని దించేసుకోవద్దు.

ఒకే శ్రుతిలో పాడాలంటే మధ్యలోది తీసుకోండి: మూడు, అంటే ‘ఈ’ (E). మగ గొంతు మూడు సెమిటోన్లు పైకి, ఆడ గొంతు మూడు కిందికి. గిటారు మీద నాలుగో ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టి సీ షేపుల్లో, అంటే సీ శ్రుతికి వేళ్ళు పెట్టే ఆకారాల్లో, వాయిస్తే సరిపోతుంది. పాటకు కావలసినవి సీ, జీ, ఎఫ్, ఏ మైనర్ ఆకారాలే. అంతకంటే వెయ్యకండి, అందం కోసం సెవెన్తులూ నైన్తులూ (అదనపు స్వరాలు కలిపిన కార్డులు) చేరిస్తే పాట సినిమా పాటయిపోతుంది.

ఇద్దరి దగ్గరా ముందు ఒక పరీక్ష చేయించండి. చరణంలో అన్నిటికంటే కింది స్వరం ఉన్న మాట, పల్లవిలో అన్నిటికంటే పై స్వరం ఉన్న మాట, ఈ రెండే మూడో శ్రుతిలో పాడించండి. ఆడ గొంతులో కింది స్వరం గాలిలా పోయినా, మగ గొంతు పై స్వరం దగ్గర అరిచినా అర మెట్టు అటూ ఇటూ జరపండి. మైకు లేకుండా, మామూలుగా మాట్లాడే సత్తువతో పాడించి చూడాలి. ఉత్సాహంగా పాడితే ఎవరికైనా రెండు సెమిటోన్లు ఎక్కువ అందుతాయి, స్టేజీ మీద అవి అందవు.

నల్లరేగు
బాబాయ్ చెప్పిన నాలుగో చరణం మలుపు నిలబెట్టాలంటే మొదటి మూడు ఒకరు, చివరిది ఇంకొకరు పాడాలి కదా. శ్రుతి కూడా అక్కడే మార్చితే?

శ్రుతిపెట్టె
మార్చొచ్చు. కేపో రెండో ఫ్రెట్ మీద పెట్టి సీ షేపుల్లో మొదలుపెట్టండి, వినపడేది డీ, అంటే రెండో శ్రుతి. మగ గొంతుకి ఒక్క సెమిటోనే పైకి, మూడు చరణాలూ హాయిగా పోతాయి. మూడో చరణం తర్వాత పల్లవి అయ్యాక ‘ఏ సెవెన్’ (A7) షేపు ఒక బార్ (ఒక తాళావర్తం) నిండా పట్టుకుని, డీ షేపులకు మారండి. వినపడే శ్రుతి ‘ఈ’ (E) అవుతుంది. కేపో కదపక్కర్లేదు. ఆ ‘ఏ సెవెన్’ బార్‌లో ఆమె ఊపిరి తీసుకుని సరిగ్గా తర్వాతి సమం మీద చరణం ఎత్తుకోవాలి. ఎక్కువగా చెడేది అక్కడే. మారిన శ్రుతి చెవికి అందకముందే పాత షడ్జం మీద ఎత్తేస్తారు. మందు ఏంటంటే, ఆ బార్‌లో కీబోర్డు వాళ్ళు ఆమె పాడబోయే మొదటి స్వరాన్ని పై స్థాయిలో ఒక్కసారి మీటాలి.

నాకైతే రెండు దారుల్లో మొదటిదే, అంటే ఒకే శ్రుతిలో పాడడమే నచ్చుతుంది. శ్రుతి ఎక్కించడం చివర్లో ఊపు తెచ్చే ఎత్తుగడ. ఈ పాట చివర్లో చల్లారాలి.

ఇక చివరి పల్లవిలో ఇద్దరూ కలిసే చోటు. మూడో శ్రుతిలోనే ఉన్నారనుకుందాం. అసలు వరస (మెలొడీ) అతను పాడాలి, పై జోడు (దానికి తోడుగా పైన నడిచే స్వరాలు, హార్మొనీ) ఆమె పాడాలి. ఆమెకు మూడు సెమిటోన్లు కిందికి దించామని చెప్పా కదా, పై జోడు పాడితే ఆ మూడూ తిరిగి వచ్చేస్తాయి, గొంతు తన సొంత ఇంట్లో ఉంటుంది. తారుమారు చేసి ఆమె వరస, అతను కింది జోడు అంటే ఆమె గొంతు అడుగున మునిగిపోతుంది.

జోడు ఎలా కట్టాలి? మన స్వరాల్లో చెప్తా. సీ షేపు మూల స్వరాన్ని ‘స’ అనుకోండి. గుడ్డిగా ప్రతి స్వరానికీ మూడో స్వరం కలిపితే కొన్ని చోట్ల కీచుమంటుంది. కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) ఏ స్వరాలతో కట్టిందో వాటిలోంచే జోడు ఎంచుకోవాలి.

సీ కార్డులో ఉన్నవి స గ ప. వరస ‘గ’ మీదుంటే జోడు ‘ప’. వరస ‘స’ అయితే జోడు ‘గ’. వరస ‘ప’ అయితే లెక్క ప్రకారం ‘ని’ రావాలి, అది పాడకండి, పై ‘స’కి వెళ్ళండి. ఆ ‘ని’ గిటారులో మోగే ‘స’తో రాసుకుంటుంది. ఎఫ్ కార్డులో మ ద స. వరస ‘ద’ అయితే పై ‘స’, వరస ‘స’ అయితే ‘గ’ కాదు, ‘మ’. జీ కార్డులో ప ని రి. వరస ‘ని’ అయితే పై ‘రి’, వరస ‘రి’ అయితే ‘ప’. నిలబడే స్వరాలకు ఇది తప్పనిసరి. దాటుకుంటూ పోయే చిన్న స్వరాలకు మామూలు మూడో స్వరం చాలు.

గమకం వద్దు. ఇది నొక్కి చెప్తున్నా. కర్ణాటకం నేర్చిన గొంతు గాంధారాన్ని ఊరికే ఉండనివ్వదు, ఊపుతుంది. ఇద్దరిలో ఒకరు ఊపి ఒకరు నిలిపితే జోడు కాదది, గొడవ. మాట చివర కింది స్వరం నుంచి పైకి చిన్న జారుడు కంట్రీలో ఉంది, కానీ ఇద్దరూ ఒకే చోట జారాలి.

బేకర్స్‌ఫీల్డ్ బాబాయ్
విల్లీని అనుకరించబోయి చాలామంది బోర్లా పడతారు, అదీ చెప్పండి మాస్టారూ.

శ్రుతిపెట్టె
అవును. విల్లీ తాళానికి అతుక్కోడు. మన భాషలో అతీతం, అనాగతం (దెబ్బకు ముందు ఎత్తుకోవడం, తర్వాత ఎత్తుకోవడం) రెండూ ఒకే చరణంలో వాడతాడు. ఒక పాదం దెబ్బ పడ్డాక తీరిగ్గా ఎత్తుకుంటాడు, తర్వాతి పాదం ముందే తోసేస్తాడు, చివరికి కార్డు మారే చోట లెక్క సరిపోతుంది. ఆయన వెనక బృందం మాత్రం గడియారంలా ఉంటుంది. రహస్యం అక్కడే. గిటారు మనిషి గాయకుడి కోసం ఆగితే అంతా కూలిపోతుంది. మెర్ల్ ఇందుకు పూర్తి వ్యతిరేకం, మాటను దెబ్బ మీదే పెడతాడు, విరుపు అంతా గొంతు బరువులో ఉంటుంది. ఈ తేడాయే ఆల్బమ్‌ను మోస్తోంది. గాలి గారు పక్కపక్కన నిలబడ్డారు అన్నది దీన్నే. నాకు అదే గుణంగా కనపడుతోంది.

పాడేవాళ్ళకు నా సలహా: ఒంటరి చరణాల్లో కావాలంటే పాదం మొదలుని అర దెబ్బ వెనక్కి జరపండి, కలిసి పాడే పల్లవిలో మాత్రం ఇద్దరూ దెబ్బ మీదే. మాట చివరి హల్లు ఎవరు మూయాలో ముందే అనుకోండి. ‘డే’, ‘సే’ లాంటి అచ్చు చివరలకు ఇబ్బంది లేదు. ‘స్’, ‘ట్’ లాంటివి ఇద్దరూ పలికితే టపటపా రెండు సార్లు వినపడతాయి. వరస పాడేవాళ్ళు మూయాలి, జోడు వాళ్ళు హల్లును మింగేయాలి.

ఆస్టిన్ అబ్బాయ్
గిటారు ధ్వని గురించి ఒక మాట. విల్లీ గిటారు ‘ట్రిగర్’ మార్టిన్ ఎన్-20, నైలాన్ తీగల క్లాసికల్ గిటారు. 1969లో అంతకు ముందున్న బాల్డ్‌విన్ గిటారు పగిలితే, దాని పికప్‌ను నాష్‌విల్‌లో షాట్ జాక్సన్ దీనికి బిగించాడు. క్లాసికల్ గిటారుకు పిక్‌గార్డ్ ఉండదు, ఆయన పిక్‌తో వాయిస్తాడు, అందుకే కింద ఆ పెద్ద కన్నం పడింది. మీకు స్టీల్ తీగల గిటారే ఉంటే మెత్తటి పిక్‌తో, వంతెన దగ్గర కాకుండా సౌండ్‌హోల్ మీద వాయించండి, కొంచెం ఆ గుండ్రదనం వస్తుంది. నైలాన్ తీగలను స్టీల్ గిటారుకు కట్టొద్దు. పెగ్గుల్లో సరిగ్గా కూర్చోవు, బిగువు చాలక గిటారు పైపలక సరిగ్గా కదలదు, చప్పుడు నీరసంగా వస్తుంది.

మిక్సింగ్ మాస్టారు
రికార్డింగ్ భాగం నాది. ఇద్దరినీ ఒకేసారి పాడించాలా, విడివిడిగానా అన్నది ముందు తేల్చుకోండి. కలిసి పాడితే ఊపిరి, చూపు కలుస్తాయి. కానీ ఒకరి గొంతు ఇంకొకరి మైకులోకి కారుతుంది, ఒకరి తప్పును విడిగా దిద్దలేరు, ఆటోట్యూన్ (శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్) వేస్తే కారిన గొంతు దెయ్యంలా పక్కన మిగులుతుంది. నేనైతే చరణాలు విడివిడిగా, చివరి పల్లవి మాత్రం ఇద్దరినీ కలిపి తీస్తా.

కలిపి తీసేటప్పుడు రెండు కార్డియాయిడ్ (ముందువైపే వినే) మైకులు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడాలి, మధ్యలో మైకులు ఒకదానికొకటి వీపు చేసి ఉండాలి. కార్డియాయిడ్ వెనకవైపు చెవిటిది, ఎదుటి గొంతు అటునుంచే వస్తుంది. నోటికి మైకుకి ఒక జానెడు, మైకుకి మైకుకి కనీసం మూడు జానలు. పక్కపక్కన నిలబెడితే ఈ లాభం పోతుంది, గొంతులు డొల్లగా వినపడతాయి. ఒకే గొంతు రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరి కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. వెనక గోడకు బొంత వేలాడదీయండి, ఫ్యాను ఆపండి.

హెడ్‌ఫోన్ ఒక చెవికే. రెండో చెవితో ఎదుటి మనిషిని వినాలి. ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) డైరెక్ట్ మానిటరింగ్ ఆన్ చేయండి, లేదంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 128కి దించండి, ఆలస్యం తగ్గుతుంది. తమ గొంతు తమకే ఆలస్యంగా వినపడితే ఎంత మంచి గాయకులైనా నెమ్మదిస్తారు, శ్రుతి కిందికి జారుతుంది. గొంతు ట్రాకులకు 80 హెర్ట్జ్ కింద కోసేయండి. శిఖరాలు మైనస్ 10 డీబీ దగ్గర ఉండేలా గెయిన్ పెడితే చాలు.

మిక్స్‌లో జోడు గొంతు వరస కంటే 4 నుంచి 6 డీబీ కింద ఉండాలి. సమానంగా పెడితే వినేవాళ్ళకు పాట ఏదో తెలీదు. ఒకరిని పూర్తిగా ఎడమకి, ఒకరిని పూర్తిగా కుడికి తోసేయకండి, ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్ళకు ఒకరు మాయమవుతారు. ఇద్దరికీ ఒకటే రివర్బ్ (గది ప్రతిధ్వని) పంపండి, ఒక గదిలో ఉన్నట్టుంటుంది. ఆ కీబోర్డు పరుపు పెట్టాలా వద్దా అన్నది గాలి గారికే వదిలేస్తున్నా. పెడితే గొంతు పలికే 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య దాన్ని 3 డీబీ తగ్గించండి, పొగమంచు చాలావరకు విడిపోతుంది.

గోదారి గాలి
పెట్టకండి. ఆ చోటు హార్మోనికాకి ఇవ్వండి.

ఆస్టిన్ అబ్బాయ్
హార్మోనికా వాళ్ళు దొరికితే శ్రుతి ముందే చెప్పాలి. ‘ఈ’ (E) శ్రుతి పాటకు ‘ఏ’ (A) శ్రుతి హార్మోనికా తెస్తే బ్లూస్ పద్ధతి, ‘ఈ’ (E) శ్రుతిదే తెస్తే సూటి పద్ధతి. ఈ పాటకు సూటిదే బాగుంటుంది.

ఇంకొకటి, అప్‌లోడ్ చేసేముందు. అమెరికాలో హాల్లో పాడడానికి లైసెన్సు సాధారణంగా హాలు వాళ్ళ దగ్గరే ఉంటుంది, అడిగి తెలుసుకోండి. ఆడియోగా విడుదల చేయాలంటే మెకానికల్ లైసెన్సు (వేరేవాళ్ళ పాటను రికార్డు చేసి పంచే అనుమతి) మీరే తీసుకోవాలి. వీడియోకి అది సరిపోదు, సింక్ హక్కు (పాటను దృశ్యంతో జతచేసే అనుమతి) పబ్లిషర్ ఇవ్వాలి. యూట్యూబ్‌లో క్లెయిమ్ పడి ఆదాయం వాళ్ళకు వెళ్ళడం మామూలే. టౌన్స్ 1997 జనవరి 1న పోయాడు కాబట్టి హక్కులు పోయాయనుకోవద్దు.

నల్లరేగు
చాలా మేలు చేశారు అందరూ. ఒక్కటే మిగిలింది. ఆల్బమ్ నచ్చినవాళ్ళకు తర్వాత ఏది?

బేకర్స్‌ఫీల్డ్ బాబాయ్
ఇది 1983 జులైలో టైటిల్ పాటతో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది, ‘రీజన్స్ టు క్విట్’ ఆరు దాకా. ఆ ఏడాది సీఎమ్ఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) ఉత్తమ గాత్ర ద్వయం కూడా వీళ్ళే. అంత ఊపు మీద ఉండి 1987లో ‘సీషోర్స్ ఆఫ్ ఓల్డ్ మెక్సికో’ చేస్తే అది ఎవరికీ పట్టలేదు. దాన్ని తర్వాత వినొచ్చు. ముందు 2015 నాటి ‘జాంగో అండ్ జిమ్మీ’కి వెళ్ళండి, నిర్మాత బడ్డీ క్యానన్. అప్పటికి విల్లీకి 82, మెర్ల్‌కి 78. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న, తన పుట్టినరోజునే, మెర్ల్ పోయాడు. గొంతులు గరుకెక్కాయి, శ్వాస పొట్టిదైంది, దానికి తగ్గట్టు పాదాలు పొట్టిగా కోసుకుని ఎలా పాడారో వినండి. ఊపిరి తక్కువున్న గాయకులకు అదొక పాఠం. మరో కంట్రీ గాయకుడు రే ప్రైస్‌ను కలుపుకుని ముగ్గురూ చేసిన ‘లాస్ట్ ఆఫ్ ద బ్రీడ్’ 2007ది, అందులో ‘మై లైఫ్స్ బీన్ ఎ ప్లెజర్’ మళ్ళీ ఉంది. 1983 దాంతో పక్కపక్కన పెట్టి వినండి.

గోదారి గాలి
కాన్వే, లొరెటాని మర్చిపోకండి. మగ, ఆడ గొంతుల మధ్య శ్రుతి ఎలా సర్దుకున్నారో మీ ఇద్దరికీ అక్కడ ఎక్కువ పనికొస్తుంది.

శ్రుతిపెట్టె
ఆ మాట నిజం. సాధనకి ముందు వాళ్ళ పాటలు రెండు మూడు తీసుకుని, లొరెటా ఎక్కడ వరస పాడుతోంది, ఎక్కడ పై జోడుకి ఎక్కుతోంది అని పెన్సిలుతో గుర్తుపెట్టండి. పాంచో చివరి పల్లవి కాగితం మీద కూడా అలాగే, ఎవరి స్వరం ఏదో మాట మాటకీ రాసుకోండి. స్టేజీ మీద తేల్చుకుందాంలే అనుకుంటే ఇద్దరూ వరసే పాడేస్తారు.